సౌర పరావర్తన ప్రయత్నాలను పసిగట్టడం

దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తున, స్ట్రాటో ఆవరణంలో సల్ఫర్ డయాక్సైడ్ వదిలితే అది కొన్ని వారాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లపు సూక్ష్మ బిందువులుగా మారి, ఎండలో కొంత భాగాన్ని అంతరిక్షంలోకి తిప్పి పంపుతుంది. వాతావరణాన్ని చల్లబరచడానికి ఈ పని ఎవరైనా గుట్టుగా మొదలుపెడితే తెలుసుకోవడం ఎలా అన్నది ఇటీవలి పరిశోధనాంశం.

మోతాదు భారీగా ఉంటే దాగదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం కోటిన్నర టన్నులకు పైగా ఈ వాయువును ఎగజిమ్మగా, మరుసటి ఏడాది భూగోళం సుమారు అర డిగ్రీ చల్లబడింది. చిక్కంతా చిన్న మోతాదులతోనే. 2022లో మేక్ సన్‌సెట్స్ అనే అంకుర సంస్థ మెక్సికోలో రెండు బెలూన్లు ఎగరేసింది. వాటిలోని కొద్ది గ్రాముల వాయువు ఏ పరికరానికీ అందేది కాదు. సంస్థ తానే చెప్పుకోబట్టి సంగతి బయటికొచ్చింది. 2023 జనవరిలో మెక్సికో ఇలాంటి ప్రయోగాలను నిషేధిస్తామని ప్రకటించింది.

పై నుంచి కనిపెట్టే సాధనాల్లో ముఖ్యమైనది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై 2017 నుంచి ఉన్న సేజ్-3. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో వాతావరణపు అంచు గుండా వచ్చే ఎండ ఎంత మసకబారిందో చూసి ఇది రేణువులను లెక్కగడుతుంది. నేల మీది లైడార్లు లేజర్ కిరణంతో అదే పని చేస్తాయి. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా రేణువులను లెక్కించే తేలికపాటి పరికరాన్ని బెలూన్లకు కట్టి కొలరాడోలోని బౌల్డర్, న్యూజిలాండ్‌లోని లాడర్ వంటి చోట్ల నుంచి పంపుతోంది.

ఇన్ని కొలతలూ మామూలు స్థితి తెలిస్తేనే పనికొస్తాయి. ఆ మామూలు స్థితేమో నిలకడగా ఉండదు. కార్చిచ్చుల పొగ అంత ఎత్తుకూ చేరుతుంది. 2023లో అలస్కా మీదుగా ఎగిరిన పరిశోధక విమానం సేకరించిన గంధకామ్ల రేణువుల్లో సుమారు పది శాతంలో, తిరిగి వస్తూ కాలిపోయిన రాకెట్లు, ఉపగ్రహాల లోహాలు కనిపించాయి. రుతుపవనాల కాలంలో ఆసియాపై 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్య ఏర్పడే రేణువుల పొర మరొకటి. దాన్ని కొలవడానికి నాసా, ఇస్రో కలిసి హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి బెలూన్లు ఎగరేయగా ఆ రేణువుల్లో నైట్రేట్లు బయటపడ్డాయి.

అగ్నిపర్వతమైతే ఒక్కసారిగా చిమ్ముతుంది, దాని చోటూ తెలుస్తుంది. పేలుడేదీ లేకుండా గంధకం నెలల తరబడి పెరుగుతూ పోతే అనుమానించాలి. అయితే రేణువు తనను వదిలిందెవరో చెప్పదు. ఆ జాడ విమానాల రాకపోకల్లో వెతకాలి. ప్రయాణికుల విమానాలు సాధారణంగా 12 కిలోమీటర్ల దాకానే వెళ్తాయి, 20 కిలోమీటర్లకు బరువు మోయగల విమానాలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి.