జాలి, జాలీ: ఒక దీర్ఘం కథ



"సెలవుల్లో పిల్లలు జాలీగా ఉన్నారు" అంటాం. "ఆ ముసలావిడను చూస్తే జాలిగా ఉంది" అనీ అంటాం. మొదటిది ఇంగ్లీషు నుంచి వచ్చింది, అర్థం సరదా. రెండవది మన మాట, అర్థం కనికరం. ఒక్క దీర్ఘం తీసేస్తే నవ్వుతున్న పిల్లలు కాస్తా దీనులైపోతారు. సరిహద్దు దాటితే కన్నడంలో జాలి అంటే తుమ్మచెట్టు కూడాను!

నిజానికి ఈ జాలీ ఇంగ్లీషువారికీ అరువు సొమ్మే. 1066లో ఫ్రాన్సు నుంచి వెళ్లిన నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఆ తర్వాత చాలాకాలం అక్కడి దొరల భాష ఫ్రెంచి. అలా చేరిన వేలాది మాటల్లో 'జొలీఫ్' ఒకటి. ఉల్లాసవంతుడు, సొగసుకాడు, సరసుడు అని దానికి అర్థాలు. 1400లో కన్నుమూసిన ఛాసర్ మహాకవి తన కాంటర్‌బరీ కథల్లో ఒక సొగసుకాడిని ఈ మాటతోనే వర్ణించాడు.

రానురాను ఇంగ్లీషులో సరదా అర్థం నిలిచింది, ఫ్రెంచిలో సొగసు నిలిచింది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో, ఆ భాష చదువుకున్న పెద్దలెవరినైనా అడగండి. 'జోలీ' అంటే అందమైనది అని చెబుతారు.

ఇంగ్లీషువారు దీన్ని 'చాలా' అనే అర్థంలోనూ వాడారు. 'జాలీ గుడ్' అంటే చాలా బాగుంది అని. ఇప్పుడు వారికి అది పాతకాలపు పలుకుబడి. మన నోట మాత్రం ఇంకా పచ్చగా ఉంది. తెలుగువాడు 'జాలీగా' అంటాడు, కన్నడిగుడు 'జాలియాగి' అంటాడు, తమిళుడు 'జాలియా' అంటాడు. మాట ఒకటే, ఎవరి ప్రత్యయం వారు తగిలించుకున్నారు.

మీది కలగాపులగం తెలుగు అని చుట్టాలు వెక్కిరిస్తే మన ప్రాంతపు పిల్లలు చిన్నబోతుంటారు. వారికి ఈ కథ చెప్పండి. సంతోషం సంస్కృతం నుంచి వచ్చింది, ఖుషీ పారశీకం నుంచి వచ్చింది, జాలీ ఇంగ్లీషు నుంచి వచ్చింది. మన వేడుకకు తమిళంలో 'వేడిక్కై' అనే తోబుట్టువు ఉంది. వచ్చిన మాటకు మన 'గా' చేర్చి మన వాక్యంలో కూర్చోబెట్టుకున్నంతకాలం తెలుగుకు లోటు లేదు. తరతరాలుగా పొరుగు భాషల నడుమ మనం చేస్తున్నది అదే.

అయితే పిల్లలు రాసేటప్పుడు ఆ దీర్ఘం మాత్రం మరవనివ్వకండి. సెలవు.