ఇసో మతాఎమోన్ - ఆతని శిష్యపరంపర

జపాను భాషలో విద్యాసంప్రదాయమును 'ర్యూ' అందురు. ప్రవాహమని ఆ పదమునకు అర్థము. గురువునుండి శిష్యునకు, అతనినుండి మరియొకనికి పారుచున్నంతకాలమే విద్య బ్రతికియుండునని ఆ దేశీయుల భావన. జుజుత్సు అను యుద్ధవిద్యలో ఇట్టి ప్రవాహములు పెక్కు కలవు. 'జు' అనగా మార్దవము. 'జుత్సు' అనగా కళ. శత్రువు బలమునకు ఎదురొడ్డక, దానికి లొంగినట్లు లొంగి, వానిని పడద్రోయుట ఇందలి సూత్రము. ఈ ప్రవాహములలో తెన్జిన్ షిన్యో ర్యూ ఒకటి. దాని మూలపురుషుడు ఇసో మతాఎమోన్.

మతాఎమోన్ 18వ శతాబ్ది చివర ఇసే సీమలోని మత్సుసకలో జన్మించెను. మొదట యోషిన్ ర్యూను, పిమ్మట షిన్ నో షిన్తో ర్యూను అభ్యసించి, దేశాటనము చేయుచు ఎదురైన వీరులతో పోరి తన విద్యను పరీక్షించుకొనెను. ఆతనిగూర్చి ఆ సంప్రదాయమువారు రెండు కథలు చెప్పుదురు. కుసత్సు అను ఊర ఒకనిని కాపాడుటకై, ఒక్క శిష్యుడు తోడుగా, నూరుమంది దుండగులను ఎదుర్కొనెనట. పట్టులు మాత్రమే చాలవనియు, మర్మస్థానములపై కొట్టు దెబ్బయే ప్రధానమనియు అప్పుడు గ్రహించెనట. మరియొకప్పుడు క్యోటోలోని కితనో ఆలయమున ధ్యానించుచు, గాలికి వంగి మరల లేచు విల్లో కొమ్మలను చూచెనట. నూరుమంది అను లెక్కను చరిత్రకారుడు ఒప్పుకొననక్కరలేదు. కాని వంగవలసినచోట వంగుట, కొట్టవలసినచోట కొట్టుట అను ఆ విద్యాస్వరూపము ఈ కథలలో చక్కగా ఇమిడియున్నది.

నేర్చిన రెండు సంప్రదాయములను మేళవించి, 124 ప్రయోగములుగా కూర్చి, మతాఎమోన్ 1830 ప్రాంతములలో తన సంప్రదాయమును నెలకొల్పెను. తెన్జిన్ కితనో ఆలయదేవత. 'షిన్', 'యో' అను మాటలు పూర్వపు సంప్రదాయముల పేర్లను స్మరింపజేయును. క్రొత్తదనము తెచ్చియు ఆతడు గురువులను మరువలేదు. ఎడో నగరమున, అనగా నేటి టోక్యోలో, కందా ప్రాంతమందలి ఆతని అభ్యాసశాలకు శిష్యులు వేలసంఖ్యలో వచ్చిరి.

1868లో మెయిజీ యుగ మారంభమైనది. 1876లో సమురాయిలు కత్తి ధరించుట నిషేధింపబడెను. పాత విద్యలకు ఆదరణ సన్నగిల్లెను. జుజుత్సు గురువులు పలువురు విరిగిన ఎముకలు కట్టుచు జీవించిరి. 1877లో కానో జిగోరో అను బక్కపలుచని విశ్వవిద్యాలయ విద్యార్థి, ఎముకలు కట్టువారిని విచారించుచు పోయి, ఈ సంప్రదాయమునకు చెందిన ఫుకుద హచినొసుకెను ఆశ్రయించెను. పట్టు ఎట్లు వేయవలెనని శిష్యు డడిగినచో గురువు వివరింపక, అతనిని మరల మరల పడద్రోసెడివాడట. 1879లో ఫుకుద మరణించెను. ఆతని కుటుంబము సంప్రదాయ గ్రంథములను కానో చేతిలో పెట్టెను. పిదప కానో మూడవ పీఠాధిపతి ఇసో మసతోమో కడ నేర్చెను. 1881లో ఆయనయు గతించెను.

రెండేండ్లలో ఇరువురు గురువులను కోల్పోయిన ఆ యువకుడు కితో ర్యూను గూడ అభ్యసించి, 1882లో ఎయిషోజీ ఆలయమున పండ్రెండు చాపల గదిలో కోదోకాన్ స్థాపించెను. జూడో పుట్టినది. ప్రాణాపాయకరములగు దెబ్బలను స్వేచ్ఛాభ్యాసమునుండి తొలగించి, నియతరూపములగు 'కత'లలో మాత్రమే ఉంచెను. 1929లో రవీంద్రుని ఆహ్వానముపై తకగాకి షిన్జో ఈ విద్యను శాంతినికేతనమున నేర్పెను. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడో స్థానము పొందెను.

కానో గురువుల విద్యను నిలిపెనా, మార్చెనా? రెండు విద్యలను కలిపి మూడవదానిని సృజించుటలో ఆతడు మతాఎమోన్ నడచిన బాటనే నడచెను. ఆ విధమున ఆతడే నిజమైన వారసుడు. అయినను మతాఎమోన్ ప్రధానమని యెంచిన దెబ్బయే జూడో పోటీలలో కానరాదు. ఆ లోటు చిన్నది కాదు. పేరుప్రఖ్యాతులను కోరక పాత ప్రయోగములను ఉన్నవి ఉన్నట్లు నేర్పు గురువులు జపానులో నేటికిని కలరు. వారు లేనిచో జూడో తన పుట్టుకను తాను ఎరుగకపోయెడిది. ప్రవాహము ముందునకు సాగవలెను, ఊటయు ఎండరాదు. ఈ పరంపర చరిత్ర మనకు చెప్పున దిదియే.