జొన్న పంచాంగం

"పాతకాలం గింజలకి తెగుళ్ళు రావు." మన ఆఫీసు క్యాంటీన్లలో ఈమధ్య ఇదో వేదవాక్కు. పక్క సీటాయన ఖప్లీ గోధుమపిండి తెప్పించుకుని మరీ చెప్తాడు :)

పూర్తిగా అబద్ధమేం కాదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో పండే ఆ ఖప్లీలో కాండం తుప్పు తెగులుని తట్టుకునే జన్యువులున్నాయి. వాటికి ఎస్ఆర్13, ఎస్ఆర్14 అని పేర్లు కూడా ఉన్నాయి. 1916లో అమెరికాలో మెక్‌ఫాడెన్ అనే ఆయన యారోస్లావ్ అనే పాత గోధుమని మామూలు గోధుమతో సంకరం చేస్తే, చివరికి 'హోప్' రకం వచ్చింది. దాని నిరోధక శక్తి ఇవాళ్టి చాలా గోధుమల్లోకి పాకింది.

కానీ ఆసిఫాబాద్ వైపు తిండి చరిత్ర గోధుమది కాదు, జొన్నది. 1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల గురించి రాసేనాటికి అక్కడ జొన్న గట్కే అన్నం. మరి ఆ పాత వానాకాలం జొన్న బూజుని ఎలా తట్టుకుంది? నాకు ఆసక్తిగా అనిపించింది ఇక్కడే. చాలావరకు తట్టుకోలేదు, తప్పించుకుంది.

గింజ బూజు తెగులు ఒక్క శిలీంధ్రం పని కాదు. ఫ్యుజేరియం, కర్వులేరియా లాంటివి గుంపుగా వస్తాయి. పూత నుంచి గింజ ముదిరేదాకా ముసురు పట్టిందా, కంకి గులాబీగానో నల్లగానో మారిపోతుంది. (యాసంగి జొన్నకి ఈ బాధ తక్కువ, అందుకే గింజ ముత్యంలా ఉంటుంది.) పాత రకాలు పొద్దు తగ్గడాన్ని పట్టి పూసేవి. జూన్‌లో విత్తినా జులైలో విత్తినా దాదాపు ఒకేసారి, వానలు తెరిపిచ్చే వేళకి పూత. మన భాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్ ఏమీ లేదు, దాడి జరిగే టైముకి సర్వరు ఆన్‌లో లేదు, అంతే.

1964లో మన మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. పొద్దుతో పనిలేదు, వంద రోజుల్లో కోత. అప్పటి శాస్త్రవేత్తల్ని తప్పుపట్టలేం. పాత రకాలు నాలుగైదు నెలలు పొలంలో ఉండి, వానలు ముందే ఆగిన ఏడు గింజ కట్టకుండానే ఎండిపోయేవి. కొత్తదాని దిగుబడి పెరిగింది, కానీ గింజ సెప్టెంబరు వానల్లోకి వచ్చిపడింది.

నల్లబడితే ధర పడిపోవడం ఒక్కటే కాదు. 1995లో దక్కన్ పల్లెల్లో వానకి తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్న తిన్నవాళ్ళకి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పరిశీలిస్తే ఫ్యుమోనిసిన్ అనే బూజు విషం బయటపడింది.

నిజంగా తట్టుకునే జొన్నలూ లేకపోలేదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1980లలో 7 వేలకు పైగా రకాలు వడపోస్తే 156 నిలిచాయి. ఎక్కువ రంగు గింజలవే. టానిన్లున్న గింజంటే బూజుకి పడదు, కానీ మనకీ వగరు, మాంసకృత్తులు సరిగ్గా అరగవు. రొట్టెకి తెల్లజొన్నే కావాలంటాం కదా!

ఇప్పుడు ఆసిఫాబాద్ చేలల్లో ఎటు చూసినా పత్తే. పాత విత్తనం తెచ్చి మళ్ళీ వేద్దామనేవాళ్ళకి ఒక చిక్కుంది. రుతుపవనాల తిరోగమనం వాయవ్య భారతంలో మొదలయ్యే సగటు తేదీని వాతావరణ శాఖ 2020లో సెప్టెంబరు 1 నుంచి 17కి మార్చింది. మన దగ్గర కూడా వానలు అలాగే వెనక్కి జరిగితే? పొద్దు తగ్గే తేదీలు మారవు, పాత జొన్న వాటినే చూసుకుని పూస్తుంది.