పారు ముఖం, దేవదాసు కళ్లు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో ఓ కుర్రాడు నాలుగు రోజులు గడ్డం గీసుకోకుండా తిరిగితే చాలు, "ఏరా, దేవదాసులా తయారయ్యావేంటి?" అని పలకరిస్తారు. అలా అడిగేవాళ్లలో బెంగాలీ రచయిత శరత్‌బాబు రాసిన 'దేవదాసు' నవల చదివినవాళ్లు ఎందరో చెప్పలేం గానీ, ఆ మాట అనేటప్పుడు కళ్లముందు మెదిలే బొమ్మ మాత్రం అందరికీ ఒకటే: మాసిన శాలువా, చెదిరిన జుట్టు, సగం వాలిన కళ్లు, పక్కన కుక్క. 1953 జూన్ 26న విడుదలైన సినిమాలోని అక్కినేని నాగేశ్వరరావు బొమ్మ అది. 1917లో బెంగాలీలో అచ్చయిన ఓ చిన్న నవలలోని మనిషికి మిరప పొలాల మధ్య ఒక ముఖం స్థిరపడిపోయింది. ఆ వేషం నాగేశ్వరరావుకే ఎలా దక్కింది, పారుగా, అంటే పార్వతిగా, సావిత్రి ఎలా వచ్చింది అన్నది తెలుసుకోదగ్గ కథ.

ఈ కథకు మూలం గుంటూరు జిల్లాలోనే ఉంది. తెనాలి ఐతానగరానికి చెందిన ఆలూరి వెంకట సుబ్బారావు క్షయ వ్యాధికి వైద్యం కోసం మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకున్నారు. చక్రపాణి పేరుతో ఆయన శరత్ నవలలను తెలుగులోకి తెస్తే, అవి అనువాదాలన్న సంగతే చాలామంది మరిచిపోయారు. శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులుండేవారని సాహిత్యలోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అతిశయోక్తి అనుకున్నా, అందులో నిజం లేకపోలేదు. జమీందారీ ఇల్లు, కులం పట్టింపు, నోరు విప్పలేని కొడుకు, అభిమానవతి అయిన పిల్ల - వీటిలో తెలుగువాళ్లు ఎరగనిది ఏముంది? కాబట్టి వినోదా పిక్చర్స్ డి.ఎల్. నారాయణ ఈ నవలను సినిమాగా తీయాలనుకున్నప్పుడు కథ జనానికి కొత్త కాదు. చదివినవాళ్లందరికీ మనసులో ఒక దేవదాసు, ఒక పార్వతి అప్పటికే ఉన్నారు. చదివినవాళ్ల ఊహను ఓడించగల నటులు దొరకాలి. అదీ అసలు చిక్కు.

నాగేశ్వరరావు పేరు వినగానే పెదవి విరిచినవాళ్లు తక్కువేం కాదు. 'బాలరాజు' (1948), 'కీలుగుర్రం' (1949) లాంటి జానపదాలతో పేరు తెచ్చుకున్న కుర్రాడు. కత్తి పట్టి గుర్రమెక్కే వేషాలవాడు తాగి తాగి చచ్చిపోయే జమీందారు కొడుకుగా ఏం నిలబడతాడన్నది వాళ్ల అనుమానం. ఆయన బలం ఎక్కడుందో వాళ్లు చూడలేదు. గుడివాడ తాలూకా రామాపురంలో పుట్టి, చిన్నతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడాయన. బక్కపలచటి మనిషి. మాటలో కాస్త బెరుకు, చూపులో మెత్తదనం. జానపదాల్లో ఇవి లోపాలే. దేవదాసుకు కావలసింది సరిగ్గా ఇవే. తండ్రి ముందు గొంతు పెగలదు, పారు వెళ్లిపోయాక గాని ఆమె విలువ తెలియదు, తెలిశాక తన మీద తనకే కసి. గుండె నిబ్బరం ఉన్నవాణ్ణి తెచ్చి అక్కడ నిలబెడితే ప్రేక్షకుడు మొదటి రీల్లోనే అడిగేస్తాడు, చెయ్యి పట్టుకుని తీసుకుపోవచ్చు కదా అని.

తాగుడు సన్నివేశాల్ని ఎక్కువగా రాత్రిళ్లు తీశారని, నిద్ర లేని కళ్లు వాటంతటవే వాలిపోయేవని నాగేశ్వరరావు తర్వాతి రోజుల్లో చెప్పేవారు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి మనిషి. కంటితో, మెడతో, వేళ్లతో కథ చెప్పే విద్యలో పెరిగినవాడు. అందుకేనేమో ఆ సినిమాలో దేవదాసు తాగి తూలడం కంటే తాగి కూర్చోవడం ఎక్కువ గుర్తుంటుంది. మనిషి కదలడు, రెప్పలు కదులుతాయి.

పార్వతి పాత్రకు మొదట అనుకున్నది 'షావుకారు' జానకిని. సినిమా మధ్యలో ఆగి, మళ్లీ మొదలయ్యేసరికి ఆ వేషం సావిత్రి చేతికొచ్చింది. గుంటూరుకు అవతల, కృష్ణ ఒడ్డు చిర్రావూరులో పుట్టిన పిల్ల. అప్పటికి ఇరవయ్యేళ్లు నిండలేదు. 1950లో 'సంసారం' సినిమాలో నాగేశ్వరరావు పక్కన నాయికగా అవకాశం వచ్చినట్టే వచ్చి జారిపోయింది. ఆయన ఎదురుగా నిలబడేసరికి బెదిరి మాట రాలేదని, అందుకే ఆ వేషం పుష్పలతకు పోయిందని అంటారు. 1951లో 'పాతాళ భైరవి'లో ఒక నృత్యం, 1952లో 'పెళ్లి చేసి చూడు'లో రెండో నాయిక. మూడేళ్లు తిరిగేసరికి అదే నాగేశ్వరరావు గదిలోకి అర్ధరాత్రి ఒంటరిగా నడిచి వచ్చిన పార్వతి అయింది.

ఆ సన్నివేశం గురించి కొంచెం చెప్పుకోవాలి. పరువున్న ఇంటి పిల్ల ఊరంతా నిద్రపోయాక ప్రియుడి గదికి వెళ్లి తనను ఏలుకోమని అడుగుతుంది. 1953లో తెలుగు తెరమీద ఇది సాహసం. నటి కాస్త మోటుగా చేస్తే పాత్ర బరితెగించినట్టుంటుంది, మరీ బేలగా చేస్తే అడుక్కుంటున్నట్టుంటుంది. సావిత్రి రెండింటి మధ్య నిలిచింది. వచ్చినందుకు సిగ్గు లేదు, అడుగుతున్నందుకు తలవంపు లేదు. తనకు హక్కున్న చోటికే వచ్చానన్న నమ్మకం ఆ కళ్లలో ఉంటుంది. ఆ నమ్మకాన్ని మనం కళ్లారా చూశాం కాబట్టే తర్వాత దేవదాసు తిరిగొచ్చి అడిగినప్పుడు ఆమె కాదనడంలో న్యాయం కనిపిస్తుంది. దేవదాసు కోపంతో నుదుటి మీద కొట్టిన దెబ్బ మనకూ తగులుతుంది. సినిమాకు పేరు దేవదాసుదే అయినా, నా మట్టుకు నాకు అది పార్వతి సినిమా.

మిగతా వేషాలు కూడా ఆలోచించి ఇచ్చినవే. జమీందారు నారాయణరావుగా ఎస్.వి. రంగారావు ఉండబట్టి కొడుకు పిరికితనం మనకు అర్థమవుతుంది. అంతటి మనిషి ఎదురుగా నిలబడితే ఎవరికైనా మాట తడబడుతుంది. దుర్గాపురం జమీందారు, పార్వతి ముసలి మొగుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. నాలుగేళ్ల తర్వాత 'మాయాబజార్'లో శకునిగా వెటకారం ఒలికించిన ఆయనే ఇక్కడ ఎంతో హుందాగా, నొప్పించని భర్తగా ఉంటాడు. ఆ ముసలాయన్ని నవ్వులపాలు చేసి ఉంటే పార్వతి కష్టం చవకబారిపోయేది. దేవదాసును ప్రేమించే వేశ్య చంద్రముఖిగా తిరువాంకూరు అక్కచెల్లెళ్లలో పెద్దదైన లలిత. మాటలూ పాటలూ సముద్రాల రాఘవాచార్య పేరున వచ్చాయి. ఆయనది కూడా అప్పటి గుంటూరు జిల్లానే, రేపల్లె వైపు పెదపులివర్రు. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్ మొదలుపెట్టారు, పూర్తి కాకుండానే 1952లో కన్నుమూశారు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి చేశారు. ఘంటసాల గొంతు సరేసరి.

బెంగాల్‌లో 1935లో పి.సి. బారువా తానే దర్శకత్వం వహించి తానే దేవదాసు అయ్యాడు. ఆ తర్వాత హిందీలో ఆ వేషం కె.ఎల్. సైగల్ వేశాడు. అక్కడ గొంతే సగం నటన. 1955లో బిమల్ రాయ్ తీసినప్పుడు దిలీప్ కుమార్, సుచిత్రా సేన్, వైజయంతిమాల. ఆ సినిమాకు సహాయనటిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు ఇస్తామంటే, చంద్రముఖిది పార్వతితో సమానమైన పాత్ర అంటూ వైజయంతిమాల కాదన్నది. ప్రేమ నవలల్లో పాత్ర ఎవరికి దక్కుతుందన్నది ఎక్కడైనా పెద్ద వ్యవహారమే. హాలీవుడ్‌లో 'గాన్ విత్ ద విండ్'కు స్కార్లెట్ ఎవరో తేలకముందే, 1938 డిసెంబరులో అట్లాంటా తగలబడే సన్నివేశం చిత్రీకరణ మొదలుపెట్టేశారు. ఆ తర్వాత గాని వివియన్ లీ పేరు ఖాయం కాలేదు.

మన దగ్గర 1974లో అసలు పరీక్ష జరిగింది. విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ దేవదాసుగా, ఆమే పార్వతిగా రంగుల్లో కొత్త సినిమా వచ్చింది. అదే సమయంలో పాత నలుపు తెలుపు 'దేవదాసు'ను మళ్లీ విడుదల చేశారు. ఇరవై ఒక్క ఏళ్ల నాటి సినిమానే నెగ్గింది. కృష్ణది తెనాలి పక్క బుర్రిపాలెం, గుంటూరు వాళ్లకు సొంత బిడ్డ. అదే ఏడాది మే 1న వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'కు బ్రహ్మరథం పట్టిన జనమే ఈ దేవదాసును ఒప్పుకోలేదు. ఆయన నటనను తక్కువ చేయడం కాదిది. మన్యంలో తుపాకీ గుండుకు ఎదురొడ్డి నిలిచిన మనిషి, నాన్న మాటకు భయపడి ప్రియురాలిని వదులుకున్నాడంటే జనం నమ్మలేకపోయారు.

ఈలోగా నవలలే మారిపోయాయి. వారపత్రికల్లో సీరియళ్లు, రోజుకింత అని అద్దెకిచ్చే పుస్తకాల షాపులు. ఆడవాళ్లు రాసిన నవలలు ఆడవాళ్లే చదివే కాలం వచ్చింది. మిరపకాయలకు తొడిమలు తీస్తూ, పత్తి తీస్తూ పగలంతా గడిపే పల్లెల్లోకి కూడా ఆ పుస్తకాలు చేరాయి. ఒకరు చదివి చెబితే నలుగురు విన్నారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం, జయంతి అలా ఇళ్లలో మనుషులైపోయారు. 1976లో ఆ నవలను కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో డి. రామానాయుడు సినిమాగా తీసేనాటికి నాగేశ్వరరావుకు యాభై ఒకటి. నవల చదివిన అమ్మాయిలు ఊహించుకున్న రాజశేఖరం ఆయన కాదు, కాలేడు కూడా. అయినా సినిమా ఆడింది. ఆడించింది వాణిశ్రీ.

1971లో కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్' నుంచే ఈ సంగతి తెలుస్తోంది. రామానాయుడు సర్వస్వం ఒడ్డి తీసిన సినిమా అది. ఉద్యోగం చేసుకుంటూ, డబ్బున్నవాడి ముందు తల వంచని అమ్మాయిగా వాణిశ్రీ ఎంత సరిపోయిందంటే, 1972లో తమిళంలో 'వసంత మాళిగై' తీసినప్పుడు నాయకుణ్ణి మార్చి శివాజీ గణేశన్‌ను పెట్టుకున్నారు గాని, నాయికను మార్చలేదు. 1973లో యద్దనపూడి 'జీవన తరంగాలు'లో కూడా ఆమే, శోభన్‌బాబు పక్కన. నవలా నాయకుడికి ఎవరి ముఖమైనా అతికింది. నాయికకు మాత్రం ఆ నడక, ఆ చీరకట్టు, ఎదుటివాణ్ణి నిలదీసే ఆ చూపు కావాలి. నవల చదివి వచ్చిన ఆడపిల్ల తెరమీద వెతుక్కున్నది ప్రియుణ్ణి కాదు, తనను. 1973లోనే 'మీనా' తీసిన విజయనిర్మల ఈ సంగతి గ్రహించింది. దర్శకత్వం వహిస్తూ తనే మీనా వేషం వేసింది. చాలా ఏళ్లకు, 2016లో అదే కథ పోలికలతో 'అ ఆ' వచ్చినప్పుడు కూడా జనం ఆ మీనానే గుర్తు చేసుకున్నారు.

అన్ని నవలలూ ఇలా తెరకు అతకలేదు. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర' 1969లో ఎన్టీఆర్, కాంతారావు, కె.ఆర్. విజయ, జమునలతో వచ్చింది. మధుర నాయకరాజుల కాలం, మంచి పాటలు, పెద్ద నటులు. నవల్లోని లోపలి సుడి మాత్రం తెరకెక్కలేదు.

నన్ను ఇప్పటికీ బాధించేది 'కాలాతీత వ్యక్తులు'. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఈ నవల 1957లో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చింది. ఆమె చిన్న వయసులోనే 1961లో చనిపోయారు. 1963లో ఆదుర్తి సుబ్బారావు దాని ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. సావిత్రి, కృష్ణకుమారి, నాగేశ్వరరావు, ఇంటిల్లిపాదీ చూడదగ్గ చక్కని సినిమా. కానీ నవలలోని ఇందిర అందులో లేదు. తనకేం కావాలో తనకు తెలిసిన పిల్ల, మంచిదనిపించుకోవాలన్న తాపత్రయం లేని పిల్ల, తెలుగు నవల్లో అలాంటిది అరుదు. 1963లో ఆమెను ఉన్నదున్నట్టు చూపించే ధైర్యం సినిమాకు లేకపోయింది. ఇప్పుడు ఎవరైనా మళ్లీ తీస్తే పెద్ద పేరున్న నాయికను వెతకొద్దు. నవల నడిచిన విశాఖపట్నం యాస నోట్లో ఉన్న, ఇంకా ఎవరూ ఎరగని అమ్మాయికి ఆ వేషం ఇవ్వాలి. మొదటి పరీక్షలో బెదిరిపోయినా ఫర్వాలేదు, ఇంకో అవకాశం ఇవ్వండి.