సాక్షి సంతకం ఎవరిది? ట్రాన్స్‌జెండర్ల ఉద్యోగ రిఫరెన్సుల వెనక ఉన్న చరిత్ర

సివిల్స్‌లో ఎంపికైనవాళ్లు నింపే అటెస్టేషన్ ఫారం ఎప్పుడైనా చూశారా? మొదటి గడిలోనే పూర్తి పేరుతో పాటు మారుపేర్లు, పేరులో ఎప్పుడైనా కలిపినవీ తీసేసినవీ రాయమంటారు. ఇంకోచోట మనల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు అడుగుతారు. ఏదైనా దాస్తే అనర్హత. నాకూ మీకూ అది పది నిమిషాల పని. ఒక పేరుతో చదివి, అదే పేరుతో ఉద్యోగం చేసి, ఆ తర్వాత ట్రాన్సిషన్ అయిన మనిషికి మాత్రం ఆ రెండు గడులే అసలు పరీక్ష.

ఈ విషయం నాకు పుస్తకాల్లో తెలియలేదు. ఇంజనీరింగ్‌లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్లు పాత పేరుతో పనిచేసింది. ట్రాన్సిషన్ తర్వాత వేరే చోట ఇంటర్వ్యూలన్నీ గట్టెక్కింది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీ నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది: ఈ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయలేదు. మూడేళ్ల అనుభవం ఒక్క మెయిల్‌తో గాల్లో కలిసిపోయింది.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. మొఘల్ కొలువుల్లో ఖ్వాజాసరాలు అంతఃపురాల కాపలా నుంచి ఖజానా లెక్కల దాకా చూసేవారు. అక్బర్ దగ్గర ఇతిమాద్ ఖాన్ రెవెన్యూ వ్యవహారాలు సరిదిద్దాడని ప్రిలిమ్స్ కోసం చదివే ఉంటారు. (ఖ్వాజాసరా అంటే నేటి అర్థంలో ట్రాన్స్‌జెండర్ అని ఆన్సర్ షీటులో రాసేయకండి, ఆ రెండూ ఒకటి కావు.) ఆ కొలువుల్లో మనిషికి పూచీ యజమాని మాటే. హిజ్రా సమాజంలోనైతే ఆ పూచీ గురువుది. ఫలానా గురువు చేలా అంటే చాలు, ఇంకో ఊళ్లో చోటు దొరికేది. అంటే పాత పేరు వదిలేసినా హామీ ఇచ్చే మనిషి ఉండేవాడు.

బ్రిటిష్ వాళ్లు వచ్చాక మాట స్థానంలోకి రిజిస్టర్ వచ్చింది. 1871 నేరస్థ తెగల చట్టంలో మనం సాధారణంగా మొదటి భాగమే చదువుతాం. రెండో భాగం చదవండి. అనుమానం ఉన్న 'యూనక్'ల పేర్లు, నివాసాలు, ఆస్తులు ప్రభుత్వం రిజిస్టర్‌లో రాయాలి. అందులో పేరెక్కినవాళ్లు ఆడ దుస్తులతో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. వీలునామా రాయడానికీ దత్తత తీసుకోవడానికీ వీల్లేదు. గురుశిష్య బంధం నిలబడేదే వారసత్వం మీద. చట్టం సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టింది. ఆటపాటలు నేరం కావడంతో బతుకుతెరువూ పోయింది.

ఇది ఉత్తరాది సంగతి అనుకోకండి. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో ఇలాంటి చట్టమే వచ్చింది (ఫసలీకి 590 కలపండి, 1919). 1911లో బ్రిటిష్ ఇండియా తన చట్టాన్ని తిరగరాసినప్పుడు యూనక్‌ల భాగాన్ని వదిలేసింది. మన దగ్గర మాత్రం నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా, తెలంగాణ ప్రాంత చట్టంగా అది పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నూట నాలుగేళ్లు!

2014 నాల్సా తీర్పు, స్వీయ గుర్తింపు హక్కు మీకు కంఠతా వచ్చు, వదిలేస్తున్నాను. 2019 చట్టంలో 9వ సెక్షన్ నియామకాల్లో వివక్షను నిషేధించింది. గుర్తింపు సర్టిఫికెట్ జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తారు. దాన్నిబట్టి పేరు మార్చాల్సిన పత్రాల జాబితా 2020 నిబంధనల్లో ఉంది: ఆధార్, పాన్, పాస్‌పోర్టు, విద్యార్హత పత్రాలు వగైరా. ప్రైవేటు కంపెనీ ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ప్రస్తావన అందులో లేదు. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రభుత్వం కార్డు మార్చగలదు, కానీ పాత ఆఫీసు జ్ఞాపకం ఒక హెచ్ఆర్ ఫైల్లో పాత పేరుతోనే ఉంటుంది.

జాబితాలో ఉన్న పత్రాలకైనా పని సులువు కాలేదు. మణిపూర్‌కు చెందిన డాక్టర్ బెయోన్సీ లైష్రామ్ కొత్త పేరుతో సర్టిఫికెట్లు అడిగితే, మొట్టమొదటి సర్టిఫికెట్ నుంచి వరసగా మార్చుకు రమ్మన్నారు. చివరికి 2025లో హైకోర్టు చెబితే గానీ కదల్లేదు. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు జేన్ కౌశిక్ కేసులో తీర్పిచ్చింది. ఆమె టీచర్. ఒక రాష్ట్రంలో చేరిన కొద్దిరోజులకే ఉద్యోగం పోయింది, ఇంకో రాష్ట్రంలో ఆఫర్ లెటర్ చేతికొచ్చాక ఆమె ఎవరో తెలిసి స్కూలు తలుపు మూసేసింది. కోర్టు నష్టపరిహారం ఇప్పించింది, సమాన అవకాశాల విధానం రాయడానికి జస్టిస్ ఆశా మీనన్ కమిటీని వేసింది. ఉద్యోగుల జెండర్ గుర్తింపును గోప్యంగా ఉంచాలని 2020 నిబంధనలే చెబుతున్నాయి. కానీ రిఫరెన్స్ కోసం పాత పేరు చెప్పాల్సి వస్తే ఆ గోప్యత మొదటి రోజే పోతుంది. చెప్పకపోతే అనుభవం పోతుంది. జీఎస్-2లో బలహీన వర్గాల మీద ప్రశ్న వస్తే సెక్షన్ల నంబర్లతో పాటు ఈ ముడి గురించి రెండు వాక్యాలు రాయండి.

నా స్నేహితురాలి పాత టీమ్ లీడ్ మంచివాడు. ఫోన్ చేసి, కొత్త పేరుతోనే ఆమె పని గురించి పావుగంట చెప్పాడు. వెరిఫికేషన్ ఏజెన్సీ విని, వ్యక్తిగత హామీ చెల్లదు, హెచ్ఆర్ లెటరే కావాలంది. చివరికి ఆమె కలెక్టరేట్ సర్టిఫికెట్ జతచేసి పాత పేరు రాసిచ్చింది. ఉద్యోగం వచ్చింది. చేరిన మూడో రోజు క్యాంటీన్‌లో, ఎప్పుడూ పరిచయం లేని ఒకతను ఆమెను ఆ పాత పేరుతో పిలిచాడు.