గడ్డం రాజు, గడ్డం లేని రాజు

అమ్మ పోయాక ఆవిడ పూజ పెట్టెలో పన్నెండు పాత రూపాయలు దొరికాయి. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టేది వాటిని. నేనూ చెల్లీ చెరి ఆరు తీసుకున్నాం. పంచింది నేనే. నల్లబడిపోయిన గడ్డం రాజువి నేనుంచుకుని, కొత్తగా కనిపిస్తున్నాయి కదా అని గడ్డం లేని రాజువి దానికిచ్చాను. మంచివే ఇచ్చాననుకున్నాను.

మొన్న చెల్లి ఫోన్ చేసి, "అక్కా, ఈ రూపాయలు లక్షలు పలుకుతాయని వీడియోలో చెబుతున్నారు, నిజమేనా?" అంది. అది తేల్చుకుందామని కూర్చుంటే నా పంపకం సంగతి బయటపడింది.

కిరీటం పెట్టుకుని గడ్డంతో ఉన్నాయన అయిదో జార్జి. ఆయన రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. పాత లెక్కలో తులమంటే ఇదే బరువు. మా అమ్మమ్మ మందు దినుసులు "రూపాయెత్తు" అని చెప్పేది, అదీ ఇదే. (ఇప్పుడు బంగారం కొట్లో తులమంటే పది గ్రాములు. మనకు ఎప్పుడు తగ్గించారో ఏమో!)

ఈయన రూపాయల్లో 1911 నాటిది కాస్త ప్రత్యేకం. రాజు అంగీ మీద చెక్కిన ఏనుగుకి తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించిందని గొడవ అయింది. వాటిలో చాలావాటిని కరిగించేసి, 1912 నుంచి తొండం సరిగ్గా దిద్ది వేశారు. నేను భూతద్దం పెట్టి మరీ చూశాను. నావన్నీ ఏనుగులే.

మిగతావి, ముఖ్యంగా 1918 నాటివి, ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయో లెక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ వెండికి కరువొచ్చింది. 1917లో రూపాయి నోటు వేసినా జనం వెండినే దాచుకున్నారు. చివరికి 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన వెండి డాలర్లు 27 కోట్ల దాకా కరిగించింది. ఆ వెండిలో ఎక్కువ భాగం మన దేశం కోసం బ్రిటన్ కొన్నదే. అంటే అమ్మ పూజ చేసిన రూపాయిలో ఏ అమెరికా డాలరు కలిసుందో! ఇలాంటి మామూలు సంవత్సరాల నాణేలకు వెండి ధర, దాని మీద ఇంకొంచెం వస్తుంది, అంతే. లక్షల మాట మర్చిపోవచ్చు. చింతపండు పెట్టి తోమినా, దండకని కొక్కెం అతికించినా ఆ కొంచెమూ పోతుంది.

గడ్డం లేని రాజు ఆరో జార్జి. రెండో యుద్ధంలో మళ్లీ వెండి చాలక, 1940 నుంచి ఆయన రూపాయిలో వెండి సగానికి తగ్గించారు. మిగతా సగం రాగి, నికెల్, జింకు. బరువు మాత్రం అదే, కాబట్టి చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. 1947 నాటిదైతే అసలు వెండే కాదు, నికెల్. వెనక పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. చెల్లిని ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూడమన్నాను. ఒకటి టక్కున అతుక్కుంది.

కాగితం మీద లెక్క వేశాను. నా ఆరింటిలో దాదాపు 64 గ్రాముల వెండి. దాని దగ్గర అయిదు సగం వెండివి, ఒకటి నికెల్‌ది, మొత్తం కలిపి 29 గ్రాములు. సగం కూడా కాదు. అమ్మ సొమ్ము, పైగా పెద్దదాన్ని నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. గడ్డం రాజువి మూడు పంపిస్తాను, నీవి మూడు నాకియ్యి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరే గానీ అక్కా, 1945 ది మాత్రం నేనివ్వను. అమ్మ పుట్టిన ఏడు అది" అంది.

పులి బొమ్మది నాకు పంపమన్నాను.