నడిమి స్తంభం లేని 33 మెట్లు

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, శాంటా ఫే పట్టణం. అక్కడ ఆడపిల్లలకు బడి నడిపే లొరెటో సన్యాసినులు కట్టించుకున్న ప్రార్థనా మందిరం 1878లో పూర్తయింది. వెనకవైపు దాదాపు 6 మీటర్ల ఎత్తున, పాటలు పాడేవాళ్ల కోసం మేడ లాంటి అరుగు వేశారు. పైకి వెళ్లే మెట్లు మాత్రం వేయలేదు. అంత ఎత్తుకి తిన్నగా మెట్లు వేస్తే 8 మీటర్ల నిడివైనా కావాలి. మందిరం పొడవే సుమారు 23 మీటర్లు. ఇంక జనం కూర్చునేదెక్కడ?

సన్యాసినులు తొమ్మిది రోజులు వడ్రంగుల పాలిట పునీతుడైన సెయింట్ జోసెఫ్‌ను వేడుకున్నారట. ఆఖరి రోజున గాడిదనూ పనిముట్ల పెట్టెనూ వెంటబెట్టుకుని ఓ తలనెరిసిన వడ్రంగి వచ్చి, మెట్లు కట్టి, కూలి కూడా తీసుకోకుండా మాయమయ్యాడట. వచ్చినవాడు జోసెఫేనని భక్తుల నమ్మకం. నన్ను అంతకంటే కట్టిపడేసేది ఆ మెట్ల వెనకున్న లెక్క.

మెట్లు 33, పూర్తి చుట్లు రెండు. అంటే మెట్టు ఎత్తు సుమారు 18 సెంటీమీటర్లు. ఒక్క చుట్టు తిరిగేసరికి 3 మీటర్లు పైకి వెళ్తాం కాబట్టి పై చుట్టు తలకు తగలదు. అదే మూడు చుట్లు పెట్టి ఉంటే మధ్య ఎడం 2 మీటర్లే. చెక్క మందం పోగా పొడగరి నుదురు కొట్టుకునేది. ఒకే చుట్టుతో సరిపెడితే, అడుగు ఆనే వెడల్పు కోసం వలయాన్ని బాగా పెద్దది చేయాల్సి వచ్చేది. రెండు దగ్గర ఆగడంలోనే ఆ వడ్రంగి పనితనమంతా ఉంది.

నడుమ స్తంభం లేకపోయినా మెట్లు ఎలా నిలిచాయి? మెట్లను రెండు పక్కలా మోసే పట్టెల్లో లోపలిది చాలా బిగువుగా మెలి తిరిగింది. వలయం అంత చిన్నది కావడంతో ఆ పట్టే ఇంచుమించు స్తంభం పని చేస్తుంది. అంత వంపును ఒకే పలకలోంచి కోస్తే నార తెగి చెక్క బలం పోతుంది. అందుకే పట్టెల్ని ముక్కలుగా చేసి, అతుకు తెలియకుండా కలిపాడు. బిగించడానికి వాడినవి కొయ్య చీలలు.

మొదట్లో చేతిపట్టీ లేదు. కొందరు సన్యాసినులు దిగడానికి భయపడి చేతులూ మోకాళ్లూ ఆనించి పాకుతూ వచ్చేవారని చెబుతారు. 1887లో ఫిలిప్ హెష్ అనే పనివాడు కటకటాలు అమర్చాడు. తర్వాతెప్పుడో పక్కనున్న స్తంభానికి ఓ ఇనుప పట్టీతో బిగించారు. ఎక్కితే ఆ మెట్లు స్ప్రింగులా కాస్త ఊగుతాయట.

మరి కట్టిందెవరు? చరిత్రకారిణి మేరీ జీన్ కుక్ ఏళ్ల తరబడి పాత కాగితాలు తిరగేశారు. సన్యాసినుల పద్దు పుస్తకంలో 1881లో రోషా అనే ఆయనకు కలప కింద 150 డాలర్లు చెల్లించినట్టు రాసి ఉంది. ఫ్రాన్స్వా-జాన్ రోషా ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన కొయ్యపనివాడు. అద్భుతమనే పేరు చాటున అతని పేరు ఇంతకాలం మరుగున పడి ఉండటం నాకు అన్యాయంగానే తోస్తుంది. అతను 1894 చివర్లో న్యూ మెక్సికోలోనే డాగ్ కేన్యన్ అనే చోట తన ఇంట్లో తుపాకీ దెబ్బకు చనిపోయాడు. మరుసటి నెలలో శాంటా ఫే పత్రిక ఆ మరణవార్త వేస్తూ, లొరెటో మందిరంలో అందమైన మెట్లు కట్టింది ఇతనేనని రాసింది.